సబ్ కాంట్రాక్ట్ బిల్లుల గురించి, సైట్ ఇంచార్జులందరికి

అందరికి నమస్తే. హన్మకొండ, కాజీపేట సైట్ల బిల్లులు నిన్న కూసోని చూసిన. రేట్లు పెరిగినయ్ అని మేస్త్రీలను అంటున్నం గాని అసలు పైసలు పోయేది కొలతల కాడనే.

సెంట్రింగే (స్లాబ్ పోసేందుకు కింద కట్టే చెక్క, ప్లేట్ల పని) చూడండి, వర్క్ ఆర్డర్ల ఉత్తగ ఎస్‌ఎఫ్‌టీకి (చదరపు అడుగుకు) ఇంత అని రాసి వదిలేస్తున్నం, మనమేమో స్లాబ్ ఏరియా అనుకుంటం, మేస్త్రేమో బీమ్ సైడ్లు, సన్‌షేడ్, మెట్లు అన్ని విడివిడిగ కలిపి బిల్ పెడ్తడు, అడిగితే పనైతే చేసిన కదా సార్ అంటడు, అండ్ల ఆయన తప్పు కూడ లేదు. ఇగ నుంచి ఏది కొలుస్తమో, ఏది రేట్‌లనే కలిసి ఉందో ముందే రాయాలె.

ప్లాస్టరింగ్‌కు ఐఎస్ 1200 (కట్టడం పనులు ఎట్ల కొలవాల్నో చెప్పే ఇండియన్ స్టాండర్డ్) లెక్కనే. రెండు దిక్కుల ఒకటే ప్లాస్టరింగ్ అయితే 0.5 నుంచి 3 చదరపు మీటర్ల దాక ఖాళీకి (డోర్, కిటికీ లాంటివి) ఒక్క దిక్కే తగ్గిస్తం, అంటే మామూలు 3 బై 7 అడుగుల డోర్ గిండ్లనే వస్తది. ఆ ఖాళీల అంచులకు మళ్ల వేరే బిల్ పెడ్తే పాస్ చెయ్యకుండ్రి.

రాడ్ బెండింగ్ టన్నేజి బీబీఎస్ (ఏ రాడ్ ఎంత పొడుగు, ఎన్ని అని రాసే పట్టిక)తోని చూడాలె, స్టోర్ ఇచ్చిన స్టీల్‌తోని కాదు, లేకుంటె స్క్రాప్ ముక్కలకు కూడ కూలి కట్టినట్టే. 12 ఎంఎం రాడ్ మీటర్‌కు 0.888 కిలో, యాదికి పెట్టుకోండి.

పాన్ లేని మేస్త్రికి టీడీఎస్ (బిల్లుల నుంచి ముందే పట్టుకునే పన్ను) 1 శాతం కాదు 20 అయితది, ఆ భారం మళ్ల మన రేట్ మీదనే ఏస్తడు, పాన్ తీసుకున్నంకనే పని ఇయ్యండి.

బతుకమ్మ, దసరాకు లేబర్ ఊర్లకు పోతరు, అప్పుడు తొందరల రేట్ ఒప్పుకోకుండ స్లాబ్ డేట్లు ఇప్పుడే చెప్పండి. కాజీపేట ఎం బుక్ (కొలతల పుస్తకం) శనివారం లోపు ఆఫీస్‌కు పంపండి.