ఎకరాలతో పాటు పిల్లల బరువూ లెక్కించాలి

సంపాదకుల వారికి,

వానలు ముఖం చాటేసినా, కోతల వేళ ముంచెత్తినా అధికారులు పొలాలకు వచ్చి ఎన్నెకరాలు పోయాయో రాసుకుంటారు; పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే పెట్టుబడి రాయితీకి అర్హత. ఆ చేనునే నమ్ముకున్న ఇంట్లో రెండేళ్ల బిడ్డ ఎంత చిక్కిపోయిందన్నది మాత్రం ఆ నష్టం లెక్కలోకి రాదు. అనంతపురం జిల్లాలో అంగన్‌వాడీ కార్యకర్తగా ఏళ్ల తరబడి పిల్లలను తూచిన నాకు ఇది పెద్ద లోపంగా కనిపిస్తోంది.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే మా ప్రాంతంలో వేరుశనగకు కాయకట్టే ఊడలు నేలలోకి దిగే వేళ నేలలో పదునుండడమే ప్రాణం. దేశంలో 1901 నుంచి నమోదైన ఆగస్టులన్నింటిలోకీ పొడిగా గడిచిన 2023 ఆగస్టు సరిగ్గా ఆ దశలోనే దెబ్బకొట్టింది. అంతకు రెండేళ్ల ముందు, 2021 నవంబరులో, రాయలసీమలో కుండపోత కురిసి నల్లరేగడి చేలలో పప్పుశనగ నీట మునిగి కుళ్లింది. పీకి కుప్పవేసిన వేరుశనగ తడిస్తే కాయలు మొలకెత్తుతాయి, బూజు పడతాయి. అమ్ముడుపోని ఆ కాయలే ఇంటి తిండికి మిగులుతాయి, బూజు వల్ల చేరే అఫ్లాటాక్సిన్ విషం వేయించినా పూర్తిగా పోదు.

వంటింట్లో ఈ నష్టం నెమ్మదిగా బయటపడుతుంది. మొదట సంగటిలోకి శనక్కాయల ఊరిబిండి పోయి గొడ్డుకారం వస్తుంది, తర్వాత పప్పు పలచబడి చారవుతుంది, ఆపైన పాడిగేదె మేత లేక సంతకు వెళుతుంది. రేషన్ బియ్యంతో కడుపు నిండుతోంది కదా అని ఎవరూ దాన్ని ఆకలి అనరు. ఖరీఫ్ పోయిన ఏడాది మాఘమాసం వచ్చేసరికి, జబ్బకు చుట్టిన టేపు పసుపు దాటి ఎరుపులోకి, అంటే తీవ్ర పోషణలోపాన్ని సూచించే 11.5 సెంటీమీటర్ల లోపుకు, జారిన పిల్లలను నేను చూశాను. తల్లి కూలికి బెంగళూరు వెళ్లగా అవ్వ దగ్గర మిగిలిన బిడ్డలే వారిలో ఎక్కువ. అధిక వానల ఏడాది బావినీరు చెడి విరేచనాలు పట్టుకుంటే, పెట్టిన గుడ్డు కూడా ఒంటికి పట్టదు.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. కడుపున పడ్డప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా ఉండే తొలి వెయ్యి రోజుల్లో తప్పిపోయిన ఎదుగుదల ఆ తర్వాత ఎంత పెట్టినా పూర్తిగా తిరిగిరావడం కష్టం.

కాబట్టి పంట నష్టం అంచనా వేసే వారంలోనే ఆ మండలంలోని చిన్నపిల్లలందరినీ తూచి, ఆ లెక్కను నివేదికకు జతచేయాలి. మరుసటి పంట చేతికొచ్చేదాకా ఆ ఇళ్లకు కందిపప్పు, పిల్లలకు అదనపు గుడ్లు ఇవ్వాలి. వలసవెళ్లే బిడ్డను అక్కడి అంగన్‌వాడీలో చేర్చే పూచీ ఇక్కడి అధికారులే తీసుకోవాలి. వేరుశనగ విత్తనంతో పాటే కంది, అలసంద విత్తనాలనూ రాయితీపై అందించాలి; వేరుశనగ ఎండిన ఏడాది కూడా ఆలస్యపు వానలకు నిలదొక్కుకునే కంది సాళ్లు ఇంటికి ఇంత పప్పునిస్తాయి.

ఇట్లు,
విశ్రాంత అంగన్‌వాడీ కార్యకర్త,
అనంతపురం జిల్లా