నేరస్థలం దగ్గరే దర్యాప్తు మొదలవ్వాలి: హోంమంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర హోంమంత్రి గారికి,

నమస్కారం. నేను గుంటూరు జిల్లాలో క్రిమినల్ కేసులు వాదించే న్యాయవాదిని. హత్య కేసుల చార్జిషీట్లు తిరగేస్తే కథ చాలాసార్లు ఒకేలా నడుస్తుంది. నమ్మదగిన సమాచారం మీద బస్టాండు దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతున్న మనిషిని పట్టుకుంటారు. అతను వెంటనే ఇద్దరు మధ్యవర్తుల ముందు, అంటే పోలీసులు సాక్షులుగా పిలిచిన బయటి మనుషుల ముందు, నేరం ఒప్పుకుంటాడు. అందరినీ వెంటబెట్టుకెళ్ళి కంపచెట్ల మధ్య నుంచి కత్తి తీసిస్తాడు. కేసు విచారణకొచ్చేసరికి ఆ మధ్యవర్తే బోనెక్కి, "స్టేషన్‌కి పిలిచి సంతకం పెట్టమన్నారు, పెట్టాను" అంటాడు. దాంతో కేసు కూలిపోతుంది. చనిపోయిన మనిషి ఇంటివాళ్ళు ఏం జరిగిందో తెలియక కోర్టు వరండాలో నిలబడిపోతారు. వాళ్ళకి ఏం చెప్పాలో మాకూ తెలియదు.

పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు చెల్లదని 1872 సాక్ష్య చట్టం నుంచీ ఉంది. కొత్త భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్‌లోనూ అదే ఉంది. నిందితుడు చెప్పినదాన్ని బట్టి ఏదైనా కొత్త విషయం బయటపడితే, ఆ విషయానికి నేరుగా సంబంధించిన మాట వరకే పనికొస్తుంది. ఈ సూత్రాన్ని దేశమంతటికీ తేల్చి చెప్పింది మన గుంటూరు జిల్లా కేసే. రెండు పార్టీల గొడవలో జరిగిన హత్యలవి. ఈటెనూ కర్రనూ ఊళ్ళో ఒకరి గడ్డివాములో దాచానని, వస్తే చూపిస్తానని ఒక నిందితుడు చెప్పాడు. అప్పట్లో మనకు ఆఖరి కోర్టైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళిన ఆ పులుకూరి కోటయ్య కేసు 1947 లా రిపోర్టుల్లోకి ఎక్కింది. దాచిన చోటు అతనికి తెలుసన్నంత వరకే సాక్ష్యం, దానితో చంపానన్న మాట చెల్లదు అని తీర్పు. ఇన్నేళ్ళయినా అదే జిల్లాలో చంపానన్న మాట చుట్టూనే కేసు కడుతున్నారు.

దీని ఫలితం ఎంత దూరం పోతుందో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం చూపించింది. 2007 డిసెంబరులో అక్కడి హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు, 2010లో శిక్ష పడింది, 2017 మార్చిలో హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది. అతని యవ్వనం జైల్లో పోయింది. ఆ అమ్మాయి తల్లిదండ్రులు మళ్ళీ మొదటికొచ్చారు. తప్పు మనిషిని పట్టుకున్న రోజు నుంచీ అసలు మనిషి కోసం వెతకడం ఆగిపోతుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

నేరం జరిగిన చోట మొదటి కొన్ని గంటల్లో దొరికేది తర్వాత ఎంత తిరిగినా దొరకదు. క్లూస్ టీమ్ వచ్చేలోపు ఆ గదిలోకి చుట్టుపక్కల వాళ్ళు, నాయకులు, కెమెరాలు పట్టుకున్నవాళ్ళు, చివరికి మన పోలీసులే చెప్పులతో తిరిగేస్తారు. వేలిముద్రల మీద వేలిముద్రలు పడతాయి. రక్తపు మరక ఉన్న బట్టను నీడలో ఆరనిచ్చి కాగితం కవర్లో పెట్టాలి. తడిగానే ప్లాస్టిక్ సంచిలో కడితే బూజు పట్టి డీఎన్ఏ పాడైపోతుంది. ముందుగా అక్కడికి చేరేది ఏ కానిస్టేబులో, హోంగార్డో. ఎవరినీ లోపలికి రానివ్వకుండా తాడు కట్టాలని, తనూ దేన్నీ ముట్టుకోకూడదని అతనికి నేర్పించండి. దీనికి కోట్లు అక్కర్లేదు.

సీసీ కెమెరా సంగతీ అంతే. చాలా షాపుల డీవీఆర్‌లో (ఫుటేజీ రికార్డయ్యే పెట్టెలో) కొన్ని వారాలు దాటితే పాత ఫుటేజీ మీద కొత్తది ఎక్కేస్తుంది. ఫుటేజీ తీసేటప్పుడు డీవీఆర్‌లో గడియారం సరైన టైము చూపిస్తోందో లేదో రాసుకోరు. ఎలక్ట్రానిక్ సాక్ష్యం చెల్లాలంటే సాక్ష్య అధినియం ప్రకారం కావాల్సిన 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయడం మర్చిపోతారు. ఇక సెల్ టవర్ లెక్క ఫోన్ ఏ ప్రాంతంలో ఉందో చెబుతుంది గానీ, ఏ ఇంట్లో ఉందో చెప్పదు. ఎవరి చేతిలో ఉందో అసలే చెప్పదు. నార్కో, లై డిటెక్టర్ పరీక్షలు ఇష్టం లేకుండా చేయకూడదని సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది. లాఠీ గురించి వేరే చెప్పనక్కర్లేదు. దెబ్బలకు మనిషి ఏదైనా ఒప్పుకుంటాడు.

సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్ష సంహిత మంచి దారే చూపించింది. ఏడేళ్ళు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్ళాలంది. దీన్ని మొదలుపెట్టడానికి రాష్ట్రాలకు ఐదేళ్ళ వ్యవధి ఇచ్చింది. కాగితం మీద తేదీ ఎప్పుడు వేసినా, ప్రతి సబ్‌డివిజన్‌లో బండీ మనుషులూ ఉన్న క్లూస్ టీమ్ లేకపోతే అది జరిగే పని కాదు. సోదాలూ స్వాధీనాలూ వీడియో తీయాలని అదే సంహితలోని 105వ సెక్షన్ చెబుతోంది. నిందితుడు చూపిస్తే దొరికిందనే ప్రతి వస్తువు విషయంలోనూ, స్టేషన్ నుంచి బయల్దేరినప్పటి నుంచే ఆ వీడియో నడవాలని ఆదేశించండి. అప్పుడు మధ్యవర్తి మాట మార్చినా కేసు నిలుస్తుంది, పోలీసులు కల్పించారన్న నిందా ఉండదు. ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబు) రిపోర్టు రాకుండానే చార్జిషీటు వేయాల్సిన 90 రోజుల గడువు ముంచుకొస్తే, నిందితుడికి బెయిల్ వస్తుందన్న టెన్షన్‌తో అరకొర చార్జిషీటు వేసేస్తున్నారు. ల్యాబుల్లో ఖాళీలు నింపండి.

ఇంకొకటి. దర్యాప్తునూ శాంతిభద్రతల పనినీ విడదీయమని సుప్రీంకోర్టు 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పింది. మన సీఐ మాత్రం పొద్దున హత్యాస్థలంలో ఉంటాడు, మధ్యాహ్నం వీఐపీ బందోబస్తుకి పోతాడు. పెద్ద కేసు చూస్తున్న అధికారిని కనీసం మొదటి రెండు వారాలు బందోబస్తుకి పంపకుండా ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఎన్ని హత్య కేసుల్లో క్లూస్ టీమ్ అదే రోజు నేరస్థలానికి చేరిందో, వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో జిల్లాలవారీగా సభ ముందు పెట్టండి.

ఇట్లు,
గుంటూరు జిల్లా న్యాయవాది ఒకరు