సైదులు, లింగమ్మ, ఎల్లయ్య అన్న పేర్లకు ఏం తక్కువైంది?

సంపాదకుల వారికి నమస్కారాలు.

పోయిన నెల మీ ఆదివారం అనుబంధంలో పసిపిల్లల పేర్ల మీద రెండు పేజీల వ్యాసం వచ్చింది. ఎవరో ఒకరు జవాబు రాస్తారని ఇన్నాళ్లూ మీ లేఖల శీర్షిక చూస్తూ వచ్చాను. మెచ్చుకోళ్లు తప్ప ఏమీ రాలేదు. అందుకని ఆలస్యమైనా నేనే రాస్తున్నాను.

జన్మనక్షత్రాన్ని బట్టి పేరు ఏ అక్షరంతో మొదలు కావాలో, సంఖ్యాశాస్త్రం ప్రకారం ఇంగ్లీషు స్పెల్లింగులో ఎన్ని అక్షరాలు కలపాలో అందులో వివరంగా రాశారు. నమ్మకం ఉన్నవారు పాటిస్తారు, లేనివారు మానుకుంటారు, దానితో నాకు పేచీ లేదు. నా బాధంతా రెండో పేజీ అడుగున రంగు పెట్టెలో వేసిన జాబితా గురించే. ‘ఈ పేర్లకు దూరంగా ఉండండి’ అని శీర్షిక పెట్టి మల్లయ్య, ఎల్లమ్మ, సైదులు, లింగమ్మ, యాదయ్య, నూకరాజు, అప్పలకొండ అంటూ వరసగా ఇచ్చి, ఇవి పనివాళ్ల పేర్లలా వినిపిస్తాయని, రేపు పిల్లలు పెద్ద కంపెనీల్లో చేరినప్పుడు తలదించుకోవలసి వస్తుందని హెచ్చరించారు. పనివాళ్ల పేరులా ఉంటే వచ్చే నష్టమేమిటో మాత్రం రాయలేదు. తెల్లారకముందే మీ పత్రిక కట్టలు విప్పి ఇంటింటికీ వేసేవారిలో, అచ్చుయంత్రం దగ్గర రాత్రంతా నిలబడేవారిలో ఆ పేర్లున్నవారు ఎందరో ఉంటారు. వారు కూడా ఆ పెట్టె చదువుతారన్న సంగతి మీకు ఎవరికీ తట్టలేదా?

ఆ పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిసినవారెవరూ అలా రాయరు. మా సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతర జరుగుతుంది. లింగమంతుల స్వామికి, చౌడమ్మ తల్లికి మొక్కుకుని కన్న బిడ్డలు లింగయ్యలు, లింగమ్మలు, చౌడమ్మలు అయ్యారు. జాన్‌పహాడ్ దర్గాకు హిందువులూ ముస్లింలూ కలిసి వెళ్లి కందూరు (మొక్కు విందు) చేస్తారు, అక్కడి మొక్కుతో పుట్టినవారు సైదులు, సైదమ్మ. యాదగిరిగుట్ట నరసింహస్వామి పేరు పెట్టుకుని యాదయ్య, యాదమ్మ, మేడారం తల్లుల పేరు పెట్టుకుని సమ్మయ్య, సారయ్య. ఉత్తరాంధ్రకు వెళితే సింహాద్రి అప్పన్న, విజయనగరం పైడితల్లి, అనకాపల్లి నూకాలమ్మ ఇంటింటా పిల్లల పేర్లలోనే ఉంటారు. కోటప్పకొండ చుట్టుపక్కల కోటయ్య, కోటేశ్వరమ్మ లేని ఊరు చూడలేం. పుట్టిన పిల్లలు వరసగా చనిపోతుంటే ఈ బిడ్డయినా దక్కాలని, దిష్టి తగలకూడదని పుల్లి విస్తరిలో పడుకోబెట్టి పుల్లయ్య అనో, పెంట మీద పెట్టి తీసి పెంటయ్య అనో పిలుచుకున్న తల్లులున్నారు. టీకాలు, ఆసుపత్రులు అందని రోజుల్లో ఆ తల్లులకు తోచిన రక్షణ అది. దాన్ని మోటు పేరని కొట్టిపారేయడానికి మనసెలా ఒప్పుతుంది?

మీ జాబితాలో నాకు మరీ కష్టం కలిగించిన విషయం ఇంకొకటుంది. సైదులు ఉన్నాడు కాని సైదిరెడ్డి లేడు. మల్లయ్య, లింగమ్మ ఉన్నారు కాని మల్లారెడ్డి, లింగారావు లేరు. అప్పలకొండ ఉన్నాడు కాని అప్పలనాయుడు లేడు. దేవుడు ఒక్కడే, మొక్కూ ఒక్కటే. భూమి ఉన్నవాడు పెట్టుకుంటే పరువైన పేరు, ఆ భూమిలో కూలికి వెళ్లేవాడు పెట్టుకుంటే చిన్నతనం అన్నమాట. ఇంతకీ తీసెయ్యమంటున్నది పాతకాలపు పేర్లను కాదు, పేదవారి పేర్లను. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. బ్రాహ్మణుడి పేరు మంగళకరంగా, క్షత్రియుడిది బలాన్ని, వైశ్యుడిది ధనాన్ని సూచించేలా, శూద్రుడిది ఏవగింపు కలిగించేలా ఉండాలని మనుస్మృతి రెండో అధ్యాయంలోనే చెప్పారు. తరతరాలుగా అలాంటి పేర్లకు ఒప్పించి, ఇప్పుడు ఆ పేర్లున్నాయని వేలెత్తి చూపడం ఏం న్యాయం?

ఈ పెత్తనాన్ని ఎదిరించినవారు మన దగ్గర లేకపోలేదు. 1888లో హైదరాబాద్‌లో పుట్టిన మాదరి భాగయ్యకు వారి కుటుంబ గురువు భాగ్యరెడ్డి అని పేరు మార్చారు. ఈ నేలకు అసలు ఏలికలు దళితులేనన్న విశ్వాసంతో ఆ పేరు నిలుపుకుని, ఆయన భాగ్యరెడ్డి వర్మగా ఉద్యమం నడిపారు. మరోవైపు భూస్వామి ఇంట పుట్టిన పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి కులం తోకను కత్తిరించుకుని సుందరయ్యగా జీవించారు. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రిగా 1960లో ఆంధ్రప్రదేశ్ పగ్గాలు చేపట్టిన దామోదరం సంజీవయ్య గారి పేరు చివర ఉన్నదీ, జాతీయ పతాకం రూపకర్త పింగళి వెంకయ్య గారి పేరు చివర ఉన్నదీ మీరు నామోషీ అంటున్న ‘అయ్య’ అన్న మాటే.

ఇప్పటి తల్లిదండ్రులను నేను తప్పు పట్టడం లేదని స్పష్టంగా చెప్పాలి. ఉపాధి హామీ పనికి వెళ్లే దంపతులు కూతురికి సహస్ర అనో ఆద్య అనో పెట్టుకుంటే సంతోషించవలసిందే. తాము పడిన మాట బిడ్డ పడకూడదని వారి ఆరాటం. ఆ మాట ఎలాంటిదో నేను కళ్లారా చూశాను. మా వీధిలో ఉండే తాపీమేస్త్రీ బిడ్డను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో చేర్చడానికి వెళుతూ నన్ను తోడు తీసుకెళ్లాడు. దరఖాస్తులో తండ్రి పేరు సైదులు అని చూడగానే కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి, “మీరు ముస్లింలా? మరి కులం దగ్గర వేరే రాశారేంటి?” అని అడిగింది. అతను సిమెంటు మరకలు వదలని వేళ్లతో ఆ కాగితం అంచు పట్టుకుని, “మొక్కు పేరమ్మా” అన్నాడు. “పాపకైనా మంచి పేరే పెట్టారు లెండి” అని నవ్వి ముద్ర కొట్టింది. ఆ పిల్ల పక్కనే నిలబడి వింటోంది. ఐదేళ్ల పిల్లకు తండ్రి పేరు మంచిది కాదని బడిలో అడుగుపెట్టకముందే చెప్పిన చదువు అది.

పేరు చూసి మనిషిని పక్కనపెట్టడం అపోహ అనుకునేవారు ఒకటి గమనించాలి. ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపి సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ అనే పరిశోధకులు 2007లో ఫలితాలు ప్రచురించారు. అగ్రకుల హిందూ పేరున్నవారితో పోలిస్తే దళిత పేరున్నవారికి పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే, ముస్లిం పేరుకు మూడో వంతే. దీన్ని చదివిన పత్రిక ఏదైనా ఆ కంపెనీలను నిలదీయాలి. మీరు ఆ కంపెనీల ఇష్టానికి తగ్గట్టు పేరు దిద్దుకోమని తల్లిదండ్రులకు నేర్పుతున్నారు. పైగా ఎన్ని పేర్లని మారుస్తూ పోతారు? ఇవాళ సహస్ర కూలి ఇళ్లలోకీ వచ్చింది కనుక రేపు ఆ పేరు కూడా మీ పెట్టెలోకి చేరుతుంది.

పత్రికల వరకే చూసినా, ఈ తేడా పెట్టెలోనే లేదు, రోజూ వార్తల్లో ఉంది. గోడ కూలి చనిపోతే ‘కూలీ ఎల్లయ్య మృతి చెందాడు’ అని రాస్తారు. అదే పేజీలో కాంట్రాక్టరు ‘కన్నుమూశారు’. ఎల్లయ్యకు డెబ్బై ఏళ్లున్నా ‘డు’ తప్పదు, కాంట్రాక్టరుకు ముప్పై ఏళ్లున్నా ‘రు’ తప్పదు. సినిమాల్లో, టీవీ హాస్య కార్యక్రమాల్లో వాచ్‌మన్‌కు, పనిమనిషికి ఈ పేర్లే పెట్టి నవ్విస్తారు. వెంగళప్ప అన్న పేరును తిట్టుగా మార్చేసి, ఆ పేరున్న పెద్దమనుషులు నలుగురిలో పేరు చెప్పుకోలేని స్థితి తెచ్చాం. ప్రభుత్వాల తీరూ ఇంతే. చాకలి ఐలమ్మ పేరు విశ్వవిద్యాలయానికి పెట్టారు, దొడ్డి కొమురయ్య వర్ధంతికి ఏటా జులై 4న దండలు వేస్తారు, ఒక జిల్లాకు కొమురం భీం పేరు పెట్టారు, అన్నీ హర్షించవలసినవే. కాని సోమవారం ప్రజావాణికి అర్జీ పట్టుకుని వచ్చిన ముసలి ఐలమ్మను “ఏందే, మళ్లీ వచ్చినవ్” అని పిలిచే సిబ్బందికి బుద్ధి చెప్పే అధికారి ఎక్కడా కనిపించడు. అదే కుర్చీ ముందుకు తెల్లచొక్కా వేసుకుని వచ్చినవారు అర్జీ లేకపోయినా గారే.

రెండు పేజీలు వెచ్చించినప్పుడు పేదలకు పనికొచ్చే సంగతి ఒక్కటైనా చెప్పవలసింది. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు చేయించాలని, పేరు అప్పటికి ఖాయం కాకపోయినా నమోదు ఆపనక్కర లేదని, తర్వాత ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు రాయించుకోవచ్చని, అదీ దాటితే ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల వరకు వీలుంటుందని ఎంతమందికి తెలుసు? 1969 నాటి జనన మరణాల నమోదు చట్టానికి చేసిన సవరణ 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాక, ఆ తేదీ నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు చాలా పనులకు జనన ధ్రువపత్రమే ఆధారమైంది. పేరు గడి ఖాళీగా ఉన్న ధ్రువపత్రంతో మున్సిపాలిటీ చుట్టూ, మీ సేవ చుట్టూ కూలి పోగొట్టుకుని తిరిగే తల్లిదండ్రుల గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు. ఒకప్పుడు ఇదే పత్రిక ఇలాంటి వివరాలు పల్లెవారికి అర్థమయ్యే భాషలో ఇచ్చేది. ఇప్పుడు ఆ చోటులో సంఖ్యాశాస్త్ర నిపుణుల ఫోన్ నంబర్లు ఉన్నాయి.

ఆ పెట్టెలోని జాబితాను మీ ఇంటర్నెట్ సంచికలోంచి వెంటనే తొలగించాలని, దాన్ని ప్రచురించినందుకు అదే అనుబంధంలో, అంతే పెద్ద అక్షరాలతో విచారం ప్రకటించాలని కోరుతున్నాను. జనన నమోదు వివరాలు కూడా ఆ పక్కనే వేయండి. ఇక కూలీ మరణవార్తలో ‘డు’ బదులు ‘రు’ రాయడానికి మీ ఉపసంపాదకులకు ఒక్క మాట చెబితే సరిపోతుంది, రేపటి సంచికలోనే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సూర్యాపేట