అమీబోలు కొని దాచుకునేవాళ్లకు

ఫ్రెండ్స్, పెట్టె విప్పని అమీబోలు (గేమ్ కంపెనీ నింటెండో అమ్మే, లోపల చిప్ ఉన్న గేమ్ పాత్రల బొమ్మలు) కొని ఉంచితే రేటు పెరుగుతుందా అని అడుగుతున్నారు కదా, నా మాట ఇది. 2014 నవంబర్‌లో నింటెండో మొదటి విడత వదిలినప్పుడు మార్త్, విలేజర్, వీ ఫిట్ ట్రైనర్ బొమ్మలు దొరక్క జనం అసలు ధరకి ఎన్నో రెట్లు పెట్టి కొన్నారు. తర్వాత కంపెనీ మళ్లీ స్టాక్ దించేసరికి రేట్లు దిగిపోయాయి. అసలు రిస్క్ అక్కడే ఉంది. అచ్చులు వాళ్ల చేతిలో ఉన్నంతకాలం ‘అరుదైనది’ అన్న మాటకి గ్యారంటీ లేదు.

చిప్‌ని చూసి డబ్బు పెట్టకండి. లోపలున్నది మామూలు ఎన్‌ఎఫ్‌సీ చిప్ (దగ్గర పెడితే గేమ్ మెషీన్ చదివే చిప్), అందులోని డేటాను చవక ట్యాగుల్లోకి ఎప్పుడో ఎక్కించేశారు. ధర పలికేది బొమ్మకీ, పెట్టెకీ. నింటెండో కొత్త గేమ్ మెషీన్ స్విచ్ 2 కూడా అమీబోలను చదువుతుంది కాబట్టి ఇప్పట్లో మూలపడవులెండి. ఇలాగే గేమ్‌తో పనిచేసేవే అయినా, 2016లో డిస్నీ ఆపేసిన ఇన్ఫినిటీ బొమ్మలకు ఆ అదృష్టం లేదు, పాపం.

బయటి దేశం నుంచి తెప్పించేవాళ్లు కస్టమ్స్ సుంకం, షిప్పింగ్ కలిపి లెక్కేసుకోండి. సెకండ్ హ్యాండ్ అయితే డబ్బు పంపేముందే పెట్టె మూలలు, అడుగుభాగం ఫోటోలు అడగండి. నకిలీలు తిరుగుతున్నాయి.