ప్రయాణం గంటలు ఎవరి లెక్కలోకి వస్తాయి?

ఎడిటర్ గారికి,

అనంతపురం నుంచి పెనుకొండ వైపు ఫ్యాక్టరీలకు పోయే మాలాంటి వాళ్లం తెల్లారకముందే బస్సెక్కాలి, 44వ నంబరు హైవే మీద సుమారు 70 కిలోమీటర్లు, మళ్లీ రాత్రికి అంతే దూరం. 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటల పని అంది, 2025లో మన మంత్రివర్గం దాన్ని 10కి పెంచాలని నిర్ణయించింది. ప్రయాణం మాత్రం ఏ లెక్కలోనూ లేదు. ఆదివారం ఒక్కరోజు ఇంట్లో ఉంటే అదీ నిద్రకే సరిపోతుంది, ఇక పిల్లల చదువు ఎప్పుడు చూసేది? ఆడవాళ్లయితే అందరికంటే ముందే లేచి వంట చేసి, క్యారియర్లు కట్టి బయల్దేరాలి, వాళ్ల అలసట నిజంగా ఎవరికీ పట్టడం లేదు. షిఫ్టు టైముకు సరిపోయే ఆర్టీసీ బస్సులు వేయండి. ఓవర్‌టైముకు చట్టం చెప్పిన రెట్టింపు జీతం అందుతోందో లేదో అధికారులు వచ్చి చూడాలి.

– ఒక కార్మికుడు, అనంతపురం