నంగనల్లూరు ఇంటి తాళం వాచ్‌మన్ దగ్గరుంది

విల్లివాక్కం
ఆదివారం, మధ్యాహ్నం

చిన్నీ,

హైదరాబాదు నుంచి చెన్నైకి మారాక అద్దెకుందామని నువ్వు పంపిన నావలూరు అపార్ట్‌మెంట్ ఫోటోలు నేనూ మీ నాన్నా ఒకే కళ్ళజోడు మార్చి మార్చి పెట్టుకుని చూశాం. ఆయనది మొన్న దాని మీదే కూర్చుని విరగ్గొట్టుకున్నారులే. ఈతకొలను బాగుంది. పద్నాలుగో అంతస్తు నుంచి సముద్రం గీతలా కనిపిస్తుందన్నావు, అదీ బాగుంది. ఫోన్లో చెప్పబోతే సగంలోనే "సరేలేమ్మా, ఆలోచిస్తాం" అంటావు. అందుకని కాగితం తీశాను.

ఈ వారంలో మూడు రోజులు తిరిగాను. 2021 నుంచి ఇక్కడ మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు కదా, మోకాళ్ళ నొప్పి తప్ప పెద్ద ఖర్చేం కాలేదు. మంగళవారం పొద్దున చీకటితోనే కోయంబేడు పోయి 570 ఎక్కి నావలూరులో దిగాను. అక్కడ టీ తాగి, ఎనిమిదీ ఇరవైకి అల్లుడుగారి ఆఫీసుండే గిండీ వైపు వెనక్కి బయల్దేరాను. నీ మ్యాపులో నలభై నిమిషాలని ఉంది. ఆ బొమ్మ పైన మూల చూడు, నువ్వది తీసింది రాత్రి పదకొండింటికి. నాకు గంటా ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. షోలింగనల్లూరు సిగ్నల్ దగ్గర నా పక్కనున్న అమ్మాయి లాప్‌టాప్ తెరిచి, ఎవరితోనో మీటింగ్ మొదలుపెట్టి, ముగించి, మూసేసింది. బస్సు మాత్రం అక్కడే ఉంది.

మెట్రో పనుల వల్ల అంటారు అందరూ. నిజమే. రెండో దశలో 118.9 కిలోమీటర్లు వేస్తున్నారు, అందులో మాధవరం నుంచి సిరుసేరి సిప్‌కాట్ దాకా పోయే లైను ఈ ఓఎంఆర్, అంటే పాత మహాబలిపురం రోడ్డు, మీదుగానే. రోడ్డు నడిమధ్య రేకులు, స్తంభాలు, ఇనుప చువ్వలు. బ్రోకరేమో "మెట్రో రానీండమ్మా, అప్పుడు చూడండి ఇక్కడి అద్దెలు" అంటున్నాడు. రానీ, చూద్దాం. రాని రైలుకి ఇప్పటినుంచే అద్దె కట్టడం దేనికి? కొనేవాళ్ళు ఆ లెక్క వేసుకోవాలి గానీ, రెండేళ్ళు ఉండిపోయేవాళ్ళకి ఎదురుగా కనిపించే రోడ్డే రోడ్డు.

నువ్వు ఇల్లు వెతికే పద్ధతి నాకు అర్థమైంది. నీ ఆఫీసు షోలింగనల్లూరులో, కాబట్టి ఆ చుట్టుపక్కల మంచి బిల్డింగ్ చూశావు. అల్లుడుగారు ఎలాగో గిండీకి వెళ్ళొస్తారు. పాపకి ఏదో ఒక బడి వ్యాను వస్తుంది. నేను దీన్ని తిరగేసి చూశాను. పాత డైరీ వెనక పేజీలో గీతలు గీసుకున్నాను: పాప వారానికి ఐదు రోజులు, ఒక్కో వారం శనివారం కూడా. అల్లుడుగారు ఐదు రోజులు. నువ్వు మూడు రోజులు, ఆ మూడు రోజులకీ కంపెనీ క్యాబ్ ఉంది, అందులో ఏసీ ఉంది, కావాలంటే ఒక కునుకు తీయొచ్చు. ఇంట్లో అందరికంటే చిన్నది అందరికంటే ఎక్కువ సార్లు గడప దాటాలి. దూరం కూడా దాని నెత్తినే పెడితే ఎలా?

మళ్ళీ ఆడదాని మీదకే తోశావమ్మా అంటావు. అంటావని తెలుసు. రేపు మీ ఆఫీసు వాళ్ళు ఐదు రోజులూ రమ్మంటే ఈ లెక్క మారిపోతుంది, అప్పుడు మళ్ళీ వెతుకుదాం. సామాను తక్కువ తెచ్చుకో.

నీకు నిమ్మకాయ గుర్తుందా? రెండో తరగతి దాకా నువ్వు మన వీధి చివర బడిలోనే చదివావు. మూడో తరగతికి నేనే పట్టుబట్టి ఎగ్మూరు వైపు ఒక పేరున్న బడిలో వేయించాను. పేరెందుకులే ఇప్పుడు. సీటు దొరికిందని నెల్లూరులో మా అక్కయ్యలకి కార్డులు కూడా రాశాను. వ్యాను ఆరూ నలభైకల్లా వచ్చేది. పొద్దున మొదట ఎక్కేది నువ్వు, సాయంత్రం ఆఖర్న దిగేది నువ్వు. అన్నానగర్ అంతా తిరిగి పిల్లల్ని ఎక్కించుకునేవాడు, అమింజికరై వచ్చేసరికి నీకు వాంతి. వాసన చూసుకోమని యూనిఫాం జేబులో నిమ్మకాయ పెట్టి పంపేదాన్ని. సాయంత్రం ఉతకడానికి గౌను తీస్తే ఆ కాయ నీ గోళ్ళతో గీరి గీరి, పైన పచ్చదనమంతా పోయి, తెల్లగా మెత్తబడి ఉండేది. డబ్బాలో పెరుగన్నం పెట్టింది పెట్టినట్టు తిరిగొచ్చేది. మీ నాన్న ఒక్క మాట అనలేదు. ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీకి నడిచి వెళ్ళి నడిచి వచ్చిన మనిషి ఆయన, నాకే తెలిసొస్తుందని ఊరుకున్నారేమో. ఆ ఏడు పరీక్షలు కాగానే నిన్ను మళ్ళీ వీధి చివర బడికే తెచ్చేశాను. కట్టిన డొనేషన్‌లో సగమైనా ఇస్తారేమోనని రెండుసార్లు వెళ్ళాను, గేటు దగ్గరే నిలబెట్టి పంపేశారు. ఇన్ని ఉద్యోగాలు మారావు, నువ్వే బడిలో చదివావని ఎవరైనా అడిగారా?

బుధవారం నంగనల్లూరు వెళ్ళాను. మూడున్నరకి ఒక బడి ముందు చెట్టు కింద నిలబడ్డాను. గేటు తీయగానే పిల్లలు నీళ్ళ సీసాలు ఊపుకుంటూ నడిచి ఇళ్ళకి పోతున్నారు. కొందరిని తాతలు స్కూటర్ల మీద తీసుకెళ్ళారు. గేటు దగ్గర ఆయమ్మ ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచి, వచ్చిన మనిషి మొహం చూసి మరీ వదిలిపెట్టింది. నావలూరులో నాకు కనిపించినవన్నీ పసుపు వ్యాన్లే, లోపల పిల్లలు నిద్రపోతూ. ఫీజు అడిగే ముందు ఏ బడిలోనైనా ఇది అడుగు: మా ఇంటి దగ్గర వ్యాను ఎన్నింటికి వస్తుంది, మా పిల్ల ఎన్నోది ఎక్కుతుంది? నడిచిపోయే బడైతే ఆ ప్రశ్నే లేదు.

ఆ బడికి రెండు వీధుల అవతల ఇల్లు చూశాను. రెండో అంతస్తు, రెండు బెడ్‌రూములు, 24 వేలు చెప్పారు. పాత కట్టడం, మొజాయిక్ నేల, లిఫ్ట్ లేదు. వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు బయటే. మేడ మీద బట్టలారేసుకునే తీగలున్నాయి, పక్కింట్లో మామిడి చెట్టుంది. పళవంతాంగల్ స్టేషన్‌కి నా నడకతో పన్నెండు నిమిషాలు. అక్కడ లోకల్ ఎక్కితే సెయింట్ థామస్ మౌంట్, తర్వాత గిండీయే. అల్లుడుగారు కారు తాళం వెతుక్కునేలోపు ఆఫీసులో ఉంటారు.

నీళ్ళ సంగతి రాయకపోతే ఈ ఉత్తరమే దండగ. మీ చిన్న మామయ్య 2014 వేసవిలో పల్లికరణై దగ్గర కింది అంతస్తు ఫ్లాట్ కొన్నాడు. మే నెలలో చూస్తే ఈ ఊళ్ళో ప్రతి వీధీ మెరకగానే ఉంటుంది. 2015 డిసెంబర్‌లో వాడింట్లో బియ్యం డ్రమ్ము తేలింది. మీ అత్తయ్య పట్టుచీరలు మా మేడ మీద రెండు రోజులు ఆరేశాం, రంగులు ఒకదాంట్లోకి ఒకటి దిగి అన్నీ ఒకటే చీరలా అయ్యాయి. ఆ పక్కనున్న చిత్తడి నేల ఉత్తినే లేదు. దక్షిణ చెన్నైలో ఎన్నో చెరువుల నీళ్ళు అక్కడికే చేరి, ఒక్కియం మడువు గుండా బకింగ్‌హాం కాలువలో పడి, కోవళం దగ్గర సముద్రంలో కలవాలి. 2022లో దానికి ప్రపంచస్థాయి చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు ఇచ్చారు. అప్పటికే చుట్టూ ఇళ్ళు, రోడ్లు, ఒక మూల చెత్తకుప్ప. పోయే దారి లేక నీళ్ళు వచ్చి మన హాల్లో కూర్చుంటాయి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానుకీ ఇదే తంతు. ఇప్పుడు పెద్ద వాన అని చెప్పగానే వేలచ్చేరి వాళ్ళు కార్లు తీసుకుపోయి ఫ్లైఓవర్ మీద పెట్టేస్తున్నారు.

ఫిబ్రవరిలో వాన చూపించమంటే ఎవరు చూపిస్తారు? అందుకని నేను వేరేవి చూస్తాను. కింది వాటా వాళ్ళ వాషింగ్ మెషీన్ కింద ఇటుకలున్నాయా? ఈబీ వాళ్ళ కరెంటు మీటర్లు వీధి మొత్తంలో భుజం కంటే పైకి ఎక్కించారా? కాంపౌండ్ గోడకి కింద రెండడుగులే కొత్త రంగు ఎందుకు? ఆ తర్వాత ఇస్త్రీ బండి అతన్ని అడుగుతాను. ఇంటాయన అబద్ధమాడతాడు, బ్రోకరు అబద్ధమాడతాడు, ఇస్త్రీ అతనికి ఆ అవసరం లేదు. నంగనల్లూరు కూడా ఏమీ కొండ మీద లేదు. పళవంతాంగల్ అన్న పేర్లో తాంగల్ అంటేనే చిన్న చెరువు, వానొస్తే అక్కడి రైల్వే సబ్‌వేలో నీళ్ళు నిలుస్తాయి. ఈ ఇల్లు స్టేషన్‌కి ఇటు పక్కే కాబట్టి ఆ సబ్‌వేలో దిగే పని లేదు. ఇస్త్రీ అతను "మిచౌంగప్పుడు ఇంత, ఒక్క పూట" అని వంగి తన చీలమండ పట్టుకుని చూపించాడు. ఆ మాట నేను నమ్మాను.

తాగే నీళ్ళకి మెట్రో వాటర్, అంటే ఊరి నీటి బోర్డు కుళాయి, వస్తుంది, వాడుకకి బోరు. కుళాయి విప్పి స్టీలు గ్లాసులో పట్టి చూశాను, బోరు నీళ్ళు కాస్త ఉప్పు, పసుపు లేదు. నావలూరులో మాత్రం ఏడాదిలో ఎన్ని నెలలు లారీ నీళ్ళో, ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో కలిపో విడిగానో అడుగు. 2019 వేసవిలో ఆ రోడ్డు మీద నీళ్ళు లేక కొన్ని ఆఫీసుల వాళ్ళు ఇళ్ళ నుంచే పని చేసుకోమన్నారు. అన్నట్టు ఈ ఊరికి మన కండలేరు నీళ్ళు కూడా వస్తాయి. 1983లో ఒప్పందమైతే ఇక్కడి పూండి జలాశయానికి చేరింది 1996లో. మీ తాతయ్య ఉన్నన్నాళ్ళూ గ్లాసు పైకెత్తి "మన నీళ్ళే" అని తాగేవారు. ఆయన గ్లాసులో ఉన్నవి ఏ ఊరివో ఆ దేవుడికే తెలియాలి.

గురువారం తిరువాన్మియూరు చూశాను. బీచి గాలి, స్టేషన్, అన్నీ ఉన్నాయి. 42 వేలు. అక్కడితో ఆ సంగతి అయిపోయింది.

నంగనల్లూరు ఇంటాయన పది నెలల అడ్వాన్స్ అడిగాడు. వేరేగా రాసుకోకపోతే మూడు నెలల అద్దెకి మించి అడగకూడదని 2017 చట్టంలో ఉంది, 2019 నుంచి అమల్లో ఉంది అన్నాను. నన్నొకసారి ఎగాదిగా చూసి ఐదుకి దిగాడు. అల్లుడుగారు వచ్చాక ఇంకొంచెం దిగుతాడు. అగ్రిమెంటు రాయించుకుని రెంట్ అథారిటీ దగ్గర నమోదు చేయించండి, మొహమాటపడకండి. ఈబీకి విడి మీటరుంది. రెండు నెలల బిల్లులో మొదటి 100 యూనిట్లు ఉచితం కదా, విడి మీటరు లేని ఇళ్ళలో యూనిట్‌కింత అని ఇంటివాళ్ళు వసూలు చేస్తే ఆ వంద వాళ్ళ జేబులోకే.

పాపకి తమిళం తప్పదు. 2006 చట్టంతో స్టేట్ బోర్డు బడుల్లో మొదలై, 2015-16 నుంచి సీబీఎస్ఈ బడుల్లోనూ ఒకటో తరగతితో పెట్టారు. భయపడకు, నీ రెండో తరగతి వాచకంతోనే నేనూ నేర్చుకున్నాను. మన 'ళ' కాదు, నాలుక వెనక్కి మడిచి పలికే ఆ తమిళ 'ழ' మాత్రం నాకు ఇప్పటికీ రాదు, కూరగాయల బండి అతను నవ్వుతాడు.

ఇందులో నా స్వార్థం కూడా ఉంది, దాచడమెందుకు? మా ఇంట్లోనే ఉండండని నేను అడగను, నీ ఆఫీసుకి ఇది ఊరికి ఆ చివర. కానీ ఇక్కడ రైలెక్కితే సెంట్రల్, రోడ్డు దాటితే పార్క్ స్టేషన్, అక్కడ తాంబరం బండి ఎక్కితే పళవంతాంగల్. ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరి కారూ రానక్కర్లేదు. నావలూరికైతే నువ్వు పిలిస్తే వస్తాను. నంగనల్లూరికి పిలవకపోయినా వస్తాను. ఆదివారాలు పాపకి పలక మీద తెలుగు దిద్దిస్తాను, హైదరాబాదులో నువ్వెలాగూ నేర్పలేదు.

ఇంటాయన నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. తాళం వాచ్‌మన్ దగ్గరుంది, విల్లివాక్కం అమ్మగారు పంపారంటే ఇస్తాడు. పై శుక్రవారం సాయంత్రం చార్మినార్ ఎక్కండి. అది తాంబరం దాకా వస్తుంది, అక్కడే దిగి లోకల్ పట్టుకుంటే సరి. నేను పళవంతాంగల్ ప్లాట్‌ఫాం మీద ఉంటాను. పాపని తప్పకుండా తీసుకురా, బడి సంచీలో నాలుగు పుస్తకాలు పెట్టి మరీ. ఆ ఇంటి నుంచి బడి దాకా దాన్ని నడిపిద్దాం. దారిలో ఎత్తుకోమని అడిగిందంటే ఆ తాళం వాచ్‌మన్‌కి తిరిగిచ్చేద్దాం.

అమ్మ