‘ససేమిరా’ ఉర్దూ మాట కాదు

సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ పత్రిక పిల్లల పేజీలో ‘ససేమిరా’ అనే మాటకు ‘అయిష్టత’ అని అర్థమిచ్చి, అది ఉర్దూ నుంచి వచ్చిందని రాశారు. ముప్పై ఏళ్లు తిరుపతిలోనే పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి కనుక, ఈ రెండూ సరికావని మనవి చేయకుండా ఉండలేకపోతున్నాను.

అసలు ఇది అర్థమున్న పదమే కాదు. నాలుగు సంస్కృత శ్లోకాల మొదటి అక్షరాల వరుస. విక్రమార్కుని సింహాసనం కథలతో కలిసి వ్యాప్తిలో ఉన్న కథ ఇది. వేటకు వెళ్లిన నందరాజు కొడుకు పులికి భయపడి చెట్టెక్కితే, అప్పటికే కొమ్మ మీదున్న ఎలుగుబంటి అతనికి అభయమిచ్చి తన ఒడిలో నిద్రపుచ్చింది. అతణ్ణి కిందికి తోసేయమని పులి ఎంత అడిగినా అది ఒప్పుకోలేదు. తర్వాత ఎలుగు నిద్రపోయినప్పుడు, పులి మాట విని యువరాజు దాన్ని తోసేశాడు. అది మరో కొమ్మ పట్టుకుని బతికి, అతణ్ణి శపించింది. ఆనాటి నుంచి ఎవరేమడిగినా అతని నోట ‘ససేమిరా’ తప్ప మరో మాట లేదు.

చివరకు తెర వెనుక నుంచి ఒక గురువు శ్లోకాలు చదివాడు. నమ్మినవాణ్ణి వంచించడంలో నేర్పేమున్నదని అడిగే ‘సద్భావ’ శ్లోకం వినగానే ‘స’ పోయి ‘సేమిరా’ మిగిలింది. ‘సేతుం’ శ్లోకంతో ‘మిరా’, ‘మిత్రద్రోహీ’ శ్లోకంతో ‘రా’ మిగిలాయి. ‘రాజన్’ శ్లోకంతో అదీ పోయి మతి కుదిరింది.

ఎవరేమడిగినా అదే జవాబు కావడం వల్లనే మన వాడుకలో ఈ మాట గట్టి నిరాకరణకు నిలిచిందని నా అభిప్రాయం. నెల కిందట తిరుమల కల్యాణకట్టలో ఒక మూడేళ్ల పాప రెండు చేతులా జుట్టు పట్టుకుని, తల్లి లడ్డూ ఇస్తానన్నా, తండ్రి బొమ్మ కొంటానన్నా ‘వద్దు’ తప్ప మరో మాట అనలేదు. ‘ఏం చెప్పినా ససేమిరా అంటా ఉండాదే’ అన్నది వాళ్ల అవ్వ. ఆ వాడుకలో లోపమేమీ లేదు. ఎదుటివారు అడగాలి, బతిమాలాలి, అయినా ఇవతలి జవాబు మారకూడదు. అప్పుడే అది ససేమిరా. మనసులో ఇష్టం లేకపోవడం, వెనుకాడటం వేరు. వాటికి అయిష్టం, విముఖత ఉన్నాయి; అచ్చతెలుగులో ‘ఒల్లమి’ ఉంది. ‘ఒల్లను’ అంటే ఇష్టపడనని. పొరుగు కన్నడంలో ‘ఒల్లె’ కూడా అదే. ఇంత చక్కటి మాటను మనం దాదాపు మరిచిపోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

మరొక్క విషయం. నోటితో పలికిన మాట కనుక ‘ససేమిరా’ పక్కన ‘అను’ క్రియ రావడమే మన అలవాటు. ‘ససేమిరా అన్నారు’ అంటాం గానీ, మీ వార్తల్లో ఈమధ్య కనిపిస్తున్నట్లు ‘ససేమిరాగా ఉన్నారు’ అనము.

వచ్చే ఆదివారం పిల్లల పేజీలో సవరణతోపాటు, ఈ కథను నాలుగు శ్లోకాల మొదటి మాటలతో సహా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
తిరుపతి